ఎవరి ఖాతాలో?



గణాంకశాస్త్రం చెప్పిన మనిషి పేరు మీద జరిగే సభలో బేస్‌బాల్ గొడవ ఏమిటని ఆహ్వానపత్రం చూసినవాళ్లు కొందరు అడిగారు. మాస్టారైతే అడిగేవారు కాదు. ఆదివారాలు లీగ్ మ్యాచ్‌లకు స్కోరర్‌గా కూర్చుని, ఒక్క లెగ్‌బై పరుగు కోసం అంపైర్‌తో లంచ్ ముగిసేదాకా వాదించగల మనిషి ఆయన. ఆటలో జరిగిన సంగతిని ఎవరి పేరు ఎదురుగా రాయాలన్నది ఆయనకు చిన్న విషయం కాదు. అమెరికాలో ఒక పేద క్లబ్బు ధనిక క్లబ్బులకు సమంగా గెలిచిన కథ కూడా, లోతుకు వెళ్లి చూస్తే, అక్కడే మొదలవుతుంది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్. ఒక్కోదానిలో ముగ్గురు ఔటయ్యేదాకా బ్యాటింగ్. అంటే మ్యాచ్ మొత్తానికి జట్టు చేతిలో ఉన్నవి 27 ఔట్లు. మన వన్డేలో వికెట్లకూ హద్దు ఉంది, బంతులకూ హద్దు ఉంది. అక్కడ బంతులకు హద్దు లేదు. ఔట్ కానంతసేపూ ఆడుతూనే ఉండొచ్చు. బ్యాటర్ మొదటి బేస్ చేరి, అక్కణ్ణుంచి రెండు, మూడు బేస్‌ల మీదుగా చుట్టి బయల్దేరిన చోటికి వస్తే ఒక పరుగు. పిచ్చర్ వేసిన బంతి నిర్ణీత హద్దుకు బయట పోతే, బ్యాటర్ దాన్ని ఆడకుండా వదిలేస్తే, అది ‘బాల్’. అలాంటివి నాలుగు పడితే బ్యాటర్ తాపీగా మొదటి బేస్‌కు నడిచి వెళ్తాడు. దాన్ని వాక్ అంటారు.

ఈ వాక్ ఎవరి గొప్ప? ఆశపడకుండా నాలుగు బంతులు వదిలేసిన బ్యాటర్‌దా? లేక గురి తప్పిన పిచ్చర్ చేసిన పొరపాటు మాత్రమేనా?

దీనికి జవాబు రాసి పెట్టినవాడు హెన్రీ ఛాడ్విక్. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో 1824లో పుట్టి, చిన్నవయసులోనే కుటుంబంతో బ్రూక్లిన్ చేరాడు. పత్రికలకు క్రికెట్ వార్తలు రాస్తూ రాస్తూ బేస్‌బాల్ మోజులో పడ్డాడు. మ్యాచ్ మొత్తాన్ని పట్టికలో ఇమిడ్చే బాక్స్ స్కోరుకు రూపం దిద్దాడు. బ్యాటింగ్ సగటు అనే ఊహ కూడా క్రికెట్ నుంచి వచ్చిందే. క్రికెట్‌లో వైడ్ పడితే అది బౌలర్ తప్పు. పరుగు ఎక్స్‌ట్రాల్లోకి పోతుంది, బ్యాటర్ పేరు ఎదురుగా ఏమీ పడదు. ఛాడ్విక్ వాక్‌నూ అదే కంటితో చూశాడు. బ్యాటర్ లెక్కలో వాక్‌కు చోటు దక్కలేదు. ఒక్క 1887లో మాత్రం వాక్‌ను కూడా హిట్‌గా, అంటే బంతిని కొట్టి బేస్ చేరినట్టుగా, రాయాలన్నారు. సగటులు ఒక్కసారిగా ఉబ్బిపోయాయి, జనం నవ్వారు, మరుసటి ఏడు ఆ నిబంధన ఎత్తేశారు. దాంతో, హిట్లను ఆడిన అవకాశాలతో భాగిస్తే వచ్చే బ్యాటింగ్ సగటు లెక్కలో వాక్ అనేది జరగనట్టే అయింది. హిట్ల లోనూ చేరదు, ఆడిన అవకాశాల లోనూ చేరదు. ఎన్నిసార్లు బేస్ చేరాడో చూపే ఆన్‌బేస్ శాతం లీగ్ అధికారిక గణాంకాల్లోకి ఎక్కింది 1984లో.

ఆట నడిచేది 27 ఔట్ల పెట్టుబడి మీద. ఔట్ కాకుండా ఉండటమే అన్నిటికన్నా విలువైన పని. ఆ పనిలో కొంత భాగం బ్యాటింగ్ సగటులో కనిపించదు. కనిపించనిదానికి ధర పలకదు. నేను చెప్పదలిచింది ఇంతకు మించి పెద్దగా లేదు, మిగతాదంతా దీని వివరణే.

పట్టికలను ప్రశ్నించినవాళ్లు మధ్యలో లేకపోలేదు. బ్రూక్లిన్ డాడ్జర్స్‌లో బ్రాంచ్ రికీ 1947లోనే అలన్ రాత్ అనే గణాంకవేత్తకు ఉద్యోగం ఇచ్చాడు. కానీ దాన్ని ఒక వాదంగా, ఒక చదువుగా మార్చినవాడు బిల్ జేమ్స్. కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్‌లో బీన్స్ డబ్బాల ఫ్యాక్టరీకి రాత్రి కాపలాదారు. డ్యూటీలో కూర్చుని బాక్స్ స్కోర్లు తిరగేస్తూ లెక్కలు కట్టేవాడు. 1977లో సొంత ఖర్చుతో ‘బేస్‌బాల్ ఆబ్‌స్ట్రాక్ట్’ అచ్చేశాడు. 75 మంది కొన్నారు. అందులో లెక్కల కంటే వచనం బాగుంటుందని నా అభిప్రాయం. వెటకారం తెలిసిన గణాంకవేత్తలు అరుదు.

జేమ్స్ పట్టుకున్న ఒక చిన్న సంగతి చెబుతాను. ఫీల్డర్ ఎంత మంచివాడో చెప్పడానికి ఎర్రర్లు లెక్కపెట్టేవారు. పట్టాల్సిన బంతి వదిలేస్తే ఎర్రర్. పట్టాల్సిందో కాదో నిర్ణయించేది పైన కూర్చున్న స్కోరర్. మరి బంతి దగ్గరికే చేరలేని మందకొడి మనిషికి ఎర్రర్ ఎలా పడుతుంది? పడదు. చురుకైనవాడు పది అడుగులు ఉరికి చేయి తగిలించి జారవిడిస్తే వాడి పేరు ఎదురుగా మచ్చ, కదలకుండా నిలబడినవాడు నిర్దోషి. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

జేమ్స్ ఇచ్చిన సూత్రాల్లో ఒకటి నల్లబల్ల మీద రాసుకోదగ్గది. చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం రెండూ కలిపిన మొత్తంతో భాగిస్తే, జట్టు మ్యాచ్‌ల్లో ఎంత వంతు గెలవాలో ఉజ్జాయింపుగా వస్తుంది. పైథాగరస్ సూత్రంలా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరే స్థిరపడింది. దీని వల్ల గెలుపును పరుగుల్లోకి, పరుగులను ఆటగాళ్ల పనుల్లోకి విడగొట్టడం కుదిరింది. ఫలానా ఆటగాణ్ణి కొంటే ఎన్ని గెలుపులు పెరుగుతాయన్న ప్రశ్నకు అర్థం వచ్చింది.

ఇంత జరిగినా క్లబ్బులు చాలాకాలం పట్టించుకోలేదు. ఆటగాళ్లను ఎంచేది స్కౌట్లు. పల్లెపల్లెకూ కారేసుకుని తిరిగి, స్కూలు మైదానాల కంచె పక్కన నిలబడి, సంతలో ఎద్దు పళ్లూ మూపురం చూసినట్టు కుర్రాడి భుజాలు, పరుగు, ముఖంలో కళ చూసేవారు. అలా చూసి అందరూ మెచ్చినవాళ్లలో బిల్లీ బీన్ ఒకడు. 1980లో క్లబ్బులు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ మొదటి రౌండ్‌లోనే అతణ్ణి తీసుకుంది. పెద్ద లీగ్‌లో అతని సగటు చివరికి 0.219 దగ్గర ఆగింది. 1990లో ఆడటం మానేసి, ఓక్లాండ్ అథ్లెటిక్స్‌లో నన్ను స్కౌట్‌గా పెట్టుకోండని అడిగాడు. అక్కడ జనరల్ మేనేజర్ శాండీ ఆల్డర్సన్, లాయరు, మాజీ మెరైన్. బేస్‌బాల్ వంశవృక్షంలో లేనివాడు కాబట్టి చదివిన కొత్త సంగతులకు ఎదురు చెప్పాలన్న పట్టింపు అతనికి లేదు. 1997లో బీన్ ఆ కుర్చీలోకి వచ్చాడు. హార్వర్డ్‌లో అర్థశాస్త్రం చదివిన పాల్ డీపొడెస్టా అతనికి సహాయకుడయ్యాడు.

2001లో ఓక్లాండ్ 102 మ్యాచ్‌లు గెలిచింది. సీజన్ అయ్యాక జేసన్ జియాంబీని న్యూయార్క్ యాంకీస్ ఏడేళ్లకు 12 కోట్ల డాలర్లిచ్చి తీసుకుపోయింది. జానీ డేమన్ బోస్టన్‌కు, జేసన్ ఇస్‌రింగ్‌హౌసెన్ సెయింట్ లూయిస్‌కు వెళ్లిపోయారు. ఓక్లాండ్ మొత్తం జట్టు జీతాలు ఏడాదికి సుమారు 4 కోట్ల డాలర్లు, యాంకీస్‌వి 12 కోట్ల పైచిలుకు. జియాంబీ లాంటివాణ్ణి మళ్లీ కొనడం ఊహకందని పని. ఆ పరిస్థితిలో డీపొడెస్టా వేసుకున్న లెక్క ఇది: ప్లేఆఫ్స్‌కు వెళ్లాలంటే 95 గెలుపులు కావాలి, దానికి ఇచ్చిన పరుగుల కంటే చేసినవి 135 ఎక్కువ ఉండాలి. ఆ 135ను ఎవరెవరి దగ్గర చవగ్గా పోగు చెయ్యగలం? వాక్‌లు తీసుకునేవాళ్ల దగ్గర.

ఇక్కడ స్కాట్ హాటెబర్గ్ దగ్గర కాసేపు ఆగుదాం. బోస్టన్‌లో క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని పిచ్చర్ వేసే బంతులు అందుకునేవాడు. మోచేతి నరం దెబ్బతిని ఆపరేషన్ జరిగింది, బంతి విసిరే చేయి పోయింది. విసరలేని క్యాచర్‌తో ఎవరికి పని? బోస్టన్ అతణ్ణి కొలరాడో క్లబ్బుకు ఇచ్చి వదిలించుకుంది, కొలరాడో కాంట్రాక్టు ఇవ్వలేదు. కొలరాడో హక్కు ముగిసిన క్షణం నుంచే ఓక్లాండ్ ఫోన్లు మొదలయ్యాయి. అతణ్ణి క్యాచర్‌గా కాదు, మొదటి బేస్ దగ్గర నిలబెడతామన్నారు. అతను ఎప్పుడూ నిలబడని చోటు. చలికాలంలో టెన్నిస్ కోర్టుకు పోయి, భార్య బంతులు కొడుతుంటే నేలబారుగా వచ్చేవి పట్టడం నేర్చుకున్నాడు. శిక్షణ శిబిరంలో కోచ్ రాన్ వాషింగ్టన్ దగ్గర మళ్లీ ఓనమాలు దిద్దాడు. ఓక్లాండ్ అతనిలో చూసింది ఒక్కటే: చెడ్డ బంతికి బ్యాట్ ఊపడు. మొదటి బంతి ఆడటానికి తొందరపడడు, పిచ్చర్ చేత ఒక్కో బంతీ వేయించి అలసట తెప్పిస్తాడు. 2002లో అతని ఆన్‌బేస్ శాతం 0.374. జీతం పది లక్షల డాలర్ల లోపే.

ఆ ఏడాది ఆగస్టు 13 నుంచి ఓక్లాండ్ ఓడటం మానేసింది. వరుసగా 19 గెలిచి సెప్టెంబర్ 4న కాన్సాస్ సిటీతో ఆడుతోంది. మూడు ఇన్నింగ్స్ అయ్యేసరికి 11-0. ఇక ఆట ఏముందని మైదానంలో 55 వేల మందీ పండగ చేసుకుంటుండగా అవతలివాళ్లు పుంజుకుని తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 11-11 చేశారు. ఆ రోజు హాటెబర్గ్ పదకొండు మందిలో, క్షమించాలి, తొమ్మిది మందిలో లేడు. ఆఖరి ఇన్నింగ్స్‌లో ఒకరి బదులు పంపారు. మొదటి బంతి వదిలాడు. రెండో బంతిని కుడివైపు గోడ అవతలికి కొట్టాడు. ఓపిక కోసం తెచ్చిన మనిషి రెండో బంతికే ఆట ముగించాడు. వరుసగా 20 గెలుపులు, అప్పటికి అమెరికన్ లీగ్ రికార్డు. సీజన్ ముగిసేసరికి ఓక్లాండ్ 103, యాంకీస్ 103.

మైకేల్ లూయిస్ 2003లో రాసిన ‘మనీబాల్’ పుస్తకం, 2011లో బ్రాడ్ పిట్‌తో వచ్చిన సినిమా ఈ కథను ప్రపంచానికంతా చెప్పాయి. సినిమా చూసినవాళ్లు ఒక విషయం గమనించి ఉండరు, ఎందుకంటే సినిమా దాన్ని దాదాపు చూపలేదు. ఆ జట్టులో టిమ్ హడ్సన్, మార్క్ మల్డర్, బారీ జీటో అనే ముగ్గురు పిచ్చర్లు ఉన్నారు. ఆ ఏడు లీగ్‌లో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు జీటోది. అత్యంత విలువైన ఆటగాడి అవార్డు అదే జట్టులోని మిగెల్ తెహాదాది. వీళ్లను గుర్తించి తెచ్చినవాళ్లలో ఆ కంచె పక్కన నిలబడే స్కౌట్లూ ఉన్నారు. కొత్తగా వచ్చిన ఆటగాళ్లకు లీగ్ నియమాల ప్రకారం తొలి ఏళ్లలో తక్కువ జీతమే ఇస్తే చాలు కాబట్టే ఆ ముగ్గురు పిచ్చర్లూ ఓక్లాండ్‌లో ఉన్నారు. హాటెబర్గ్ కథ ఎంత నిజమో ఇదీ అంతే నిజం. లెక్కలు స్కౌట్లను ఓడించాయన్న కథనం నాకు మొదట్నుంచీ మింగుడుపడలేదు.

అదృష్టం సంగతీ చూద్దాం. 2002లో ఓక్లాండ్ 800 పరుగులు చేసి 654 ఇచ్చింది. జేమ్స్ సూత్రంలో వేస్తే 162 మ్యాచ్‌లకు 97 గెలుపులు వస్తాయి. గెలిచింది 103. ఆ ఆరూ కొసరు. మరోవైపు, 2000 నుంచి 2003 వరకు నాలుగేళ్లూ ఓక్లాండ్ ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే, ఐదు మ్యాచ్‌ల సిరీస్‌లో 3-2తో ఓడింది. ఒక్కో మ్యాచ్ గెలిచే అవకాశం నూటికి 55 ఉన్న మెరుగైన జట్టు కూడా ఐదు మ్యాచ్‌ల సిరీస్‌ను నూటికి 41 సార్లు ఓడిపోతుంది. ద్విపద విభాజనం తెలిసిన ఇంటర్ పిల్లలు కట్టగల లెక్క. ఒక ఏడాది ఓటమిని అదృష్టం మీదికి తోసెయ్యొచ్చు. నాలుగేళ్లు వరుసగా ఓడే అవకాశం మాత్రం నూటికి మూడు కూడా లేదు. కాబట్టి అంతా పాచికల ఆటే అనేవాళ్లు కూడా తమ లెక్కను ఇంకోసారి చూసుకోవాలి.

కొద్దిపాటి చూపును ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్నకు బేస్‌బాల్ మన శాస్త్రానికే ఒక పాఠ్య ఉదాహరణ ఇచ్చింది. 1970 సీజన్ మొదట్లో 45 అవకాశాలు ఆడిన 18 మంది బ్యాటర్ల సగటులను బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ తీసుకున్నారు. రాబర్టో క్లెమెంటే 0.400తో పైన ఉన్నాడు. మిగతా సీజన్‌లో ఎవరు ఎంత కొడతారో అంచనా కట్టాలి. ఎవరి సగటును వారికే అంచనాగా పెట్టడం సహజం. చార్లెస్ స్టైన్ చూపిన దారి వేరు: ప్రతి ఒక్కరి సగటునూ అందరి ఉమ్మడి సగటు వైపు జరపాలి. అలా జరిపితే వర్గదోషాల మొత్తం మూడో వంతు కంటే తక్కువకు పడిపోయింది. క్లెమెంటే మిగతా సీజన్ సగటు 0.346. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్.రావుగారు అంచనాలోని తప్పు ఇంతకంటే తగ్గదని 1945లో చూపిన హద్దు నిష్పాక్షికమైన అంచనాలకు వర్తించేది. స్టైన్ చెప్పిందేమిటంటే, మూడు లేదా అంతకన్నా ఎక్కువ సగటులను కలిపి అంచనా వేస్తున్నప్పుడు, కొంచెం పక్షపాతానికి ఒప్పుకుంటే మొత్తం తప్పు తగ్గుతుందని. మాస్టారు ఎమ్మెస్సీ క్లాసులో ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చెప్పేవారు. మూడు మ్యాచ్‌లు బాగా ఆడిన కుర్రాడికి కోట్లు కుమ్మరించే ముందు ఐపీఎల్ వేలంలో ఎవరైనా ఈ పట్టిక చూస్తే బాగుండును.

ఇక వాక్ ధర ఏమైంది? జాన్ హేక్స్, రేమండ్ సావర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2006లో ఆటగాళ్ల జీతాల లెక్కలు తీసి చూశారు. గెలుపుకు తోడ్పడే మేరకు ఆన్‌బేస్ నైపుణ్యానికి జీతం దక్కేది కాదు, పుస్తకం వచ్చిన మరుసటి ఏడుకల్లా ఆ లోటు పూడిపోయింది. బోస్టన్ 2002 చివర్లో బిల్ జేమ్స్‌కే ఉద్యోగం ఇచ్చింది. బీన్‌ను కూడా రమ్మంది, అతను వెళ్లలేదు. 2004లో బోస్టన్ 86 ఏళ్ల తర్వాత టైటిల్ కొట్టింది. పేదవాడి లెక్క ధనవంతుడి చేతికి వెళ్తే అది డబ్బుకు తోడవుతుంది. చవక సరుకు కోసం పేదవాడు మళ్లీ వేరే దుకాణం వెతుక్కోవాలి.

ఆ వెతుకులాటలో నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది పిట్స్‌బర్గ్ పైరేట్స్ 2013 సీజన్. అంతకుముందు వరుసగా 20 ఏళ్లు గెలుపుల కంటే ఓటములే ఎక్కువైన క్లబ్బు అది. వాళ్లు రసెల్ మార్టిన్ అనే క్యాచర్‌ను తెచ్చుకున్నారు. బ్యాటింగ్ సగటు చూస్తే అతణ్ణి ఎవరూ కొనరు. కానీ 2000ల రెండో సగంలో మైదానాల్లో కెమెరాలు వచ్చి ప్రతి బంతి ఎక్కడ పడిందో అంగుళాలతో సహా రాయడం మొదలైంది. ఆ లెక్కల్లో తేలిందేమిటంటే, హద్దు అంచున పడ్డ బంతిని కొందరు క్యాచర్లు చేయి కదలకుండా, మెత్తగా, లోపలి వైపుకు అందుకుంటారు, అంపైర్ దాన్ని హద్దు లోపలి బంతిగా లెక్కించి స్ట్రైక్ అంటాడు. అదే బంతిని ఇంకొకడు గ్లవ్ విదిలించి పట్టుకుంటే ‘బాల్’ అవుతుంది. మ్యాచ్‌కు ఒకటి రెండు బంతులే తేడా. ఏడాదికి 162 మ్యాచ్‌లు. ఆ మణికట్టు పనికి నూరేళ్లలో ఎవరూ ఒక్క గడి కేటాయించలేదు. అది మంచి క్యాచర్లకు తెలుసు, పాత స్కౌట్లకూ తెలుసు, పట్టికకే తెలియదు. ఆ ఏడు పైరేట్స్ 94 గెలిచింది.

లెక్క పిచ్చి పట్టిన చోట ఏమవుతుందో హ్యూస్టన్ చూపింది. 2013లో 111 మ్యాచ్‌లు ఓడింది. అప్పట్లో ఓడే కొద్దీ కొత్త కుర్రాళ్లను ముందుగా ఎంచుకునే హక్కు వచ్చేది కాబట్టి ఓటమిని భరించడమే వాళ్ల ప్రణాళిక. 2017లో టైటిల్ వచ్చింది. అదే ఏడు వాళ్లు కెమెరాతో ఎదుటి క్యాచర్ సైగలు చూసి, డగౌట్ పక్కన చెత్తడబ్బా వాయించి బ్యాటర్‌కు చెప్పేవారని 2019లో బయటపడింది. 50 లక్షల డాలర్ల జరిమానా, జనరల్ మేనేజర్‌కూ మేనేజర్‌కూ ఏడాది సస్పెన్షన్, ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. టైటిల్ మాత్రం వాళ్ల దగ్గరే ఉంది.

ఓక్లాండ్‌కు అది కూడా దక్కలేదు. 1989 తర్వాత ఆ క్లబ్బు టైటిల్ గెలవలేదు. 2024 సెప్టెంబర్‌లో తన కొలీసియం మైదానంలో చివరి మ్యాచ్ ఆడి ఊరు వదిలింది. ప్రస్తుతానికి వెస్ట్ శాక్రమెంటోలో ఆడుతోంది, లాస్ వేగస్‌కు వెళ్లాలన్నది ఆలోచన. ఆటగాళ్లను తెలివిగా కొనడం జనరల్ మేనేజర్ పని. క్లబ్బు ఏ ఊళ్లో ఉండాలో యజమాని చెబుతాడు, ఆ కుర్చీలో ఎంత తెలివైనవాడున్నా అక్కడ చెయ్యగలిగింది లేదు.

విద్యార్థులకు ఒక పని చెప్పి ముగిస్తాను. ఒకప్పుడు బంతి బంతికీ ఏం జరిగిందన్న రికార్డు ఒక ప్రైవేటు సంస్థ గుప్పిట్లో ఉండేది. జేమ్స్ పిలుపుతో 1984లో అభిమానులే కూర్చుని రాయడం మొదలుపెట్టారు. డెలవేర్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చెప్పే డేవిడ్ స్మిత్ 1989లో రెట్రోషీట్ ప్రారంభించి పాత స్కోరుపుస్తకాలు పోగుచేశాడు. ఇవాళ అది ఎవరికైనా ఉచితం. మన ఆటకు క్రిక్‌షీట్ అలాంటిదే. 2002 ఓక్లాండ్ ఫైలు దించుకోండి. ముందు బ్యాటింగ్ సగటుతో ఆటగాళ్లను వరసలో పెట్టండి, తర్వాత ఆన్‌బేస్ శాతంతో. హాటెబర్గ్ ఎన్ని మెట్లు ఎక్కాడో చూడండి. అప్పుడు క్రిక్‌షీట్‌లోంచి ఒక ఐపీఎల్ సీజన్ తీసుకుని, మన స్కోరుకార్డులో గడి లేని పని ఒకటి మీరే ఎంచుకుని లెక్కపెట్టండి. ఉదాహరణకు, అవతలి ఎండ్‌లో కొట్టేవాడికి మొదటి బంతికే స్ట్రైక్ ఇచ్చినవాడి పని. కట్టినవాళ్లు వచ్చే నెలలోపు డిపార్ట్‌మెంటుకు తెచ్చి చూపిస్తే కూర్చుని మాట్లాడుకుందాం.